వెండెల్ స్కాట్

విజయవాడకు కొద్ది దూరమున కొండపల్లి యను ఊరు కలదు. అచటి పనివారు కొండ యడవులలోని తెల్లపొణికి కొయ్యను తెచ్చి, ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవముల నతికించి, రంగులు వేసి బొమ్మలు చేయుదురు. ఆ కొయ్య మిక్కిలి తేలికయైనది. దూలమునకు గాని తలుపునకు గాని పనికిరాదు. కాని పనివాని చేతిలో పడినపుడు అదియే అంబారీ యేనుగగును, దశావతారములగును, తాటిచెట్టెక్కుచున్న గీతగాడగును. ఆ బొమ్మ యేమి చెప్పుచున్నదో చూచినంతనే పసిపిల్లలు సయితము గ్రహింతురు.

ఇపుడు చెప్పబోవు చరిత్రయందును ఒక కొయ్యవస్తువు కలదు. అమెరికా దేశమున ఒక పెద్ద మోటారు పందెమును గెలిచినవానికి అది బహుమానముగా నీయబడెను. దానిపై గెలిచినవాని పేరైనను లేదు. ఆ విజేత వెండెల్ స్కాట్. అతడు నల్లజాతివాడు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వర్జీనియా యొకటి. గుంటూరు సీమలో పొగాకు పండించువారికి వర్జీనియా పొగాకు అను మాట చిరపరిచితము. ఆ పేరు ఆ రాష్ట్రమునుండి వచ్చినదే. అందలి డాన్విల్ పట్టణమున 1921వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన స్కాట్ జన్మించెను. నూలుమిల్లులును పొగాకు వ్యాపారమును ఆ పట్టణమునకు జీవనాధారములు. తండ్రి సంపన్నులైన తెల్లవారి కుటుంబములకు కారు నడపుచు, యంత్రములు బాగుచేయుచు జీవించెను. కుమారుడు ఆ విద్యను తండ్రివద్దనే నేర్చెను. మిల్లులో యజమాని కనుసన్నలలో మెలగు బ్రతుకు తనకు వలదని అతడు చిన్ననాడే నిశ్చయించుకొనెను. ఉన్నత పాఠశాల చదువు ముగియకమునుపే మాని టాక్సీ నడపసాగెను. 1943లో మేరీ కోల్స్ అను నామెను వివాహమాడెను. వారికి ఏడుగురు సంతానము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సైన్యమున చేరి ఐరోపాకు వెళ్లి, వాహనముల మరమ్మతు పని చేసెను. ఆ సైన్యమునందును తెల్లవారి దళములు వేరు, నల్లవారి దళములు వేరు.

యుద్ధానంతరము స్కాట్ డాన్విల్‌లో కార్ల మరమ్మతు షాపు నడపెను. ఆదాయము చాలక, రాత్రివేళల దొంగసారాను కారులో చేరవేయు పనికి పూనుకొనెను. అది తప్పుపని. గొప్పవారి చరిత్ర వ్రాయునపుడు ఇట్టి సంగతులను దాచిపెట్టువారు కలరు గాని, అది న్యాయము కాదు. 1949లో ఒకమారు అతడు పట్టుబడెను. మూడేండ్లు సత్ప్రవర్తనతో నుండవలెనను షరతుపై న్యాయస్థానము అతనిని విడిచెను. చిత్రమేమనగా, అతనిని పందెములలోనికి తెచ్చినదియు ఆ పనియే. పోలీసుల కారునకు చిక్కకుండ కొండదారులలో కారు నడపుట నేర్చినవాడు పందెమునకు వేరుగ శిక్షణ పొందవలసిన పనిలేదు. ఆ సీమలోని మొదటితరము పందెగాండ్రలో పలువురు ఇట్లు వచ్చినవారే.

ఈ పందెములను స్టాక్ కారు పందెము లందురు. అంగడిలో నెవరైనను కొనగల కారునే తీసికొని, దాని చట్రమును బలపరచి, ఇంజను శక్తిని హెచ్చించి పరుగెత్తించుట ఇందలి విశేషము. 1948లో నాస్కార్ అను సంస్థ ఏర్పడి ఈ పందెములకు నియమములు చేసెను. బాట కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. చుట్టుకొలత మైలునకు తక్కువైనచో దానిని చిన్నబాట యందురు. కార్లు ఎడమకే తిరుగుచు ఆ బాటను వందలకొలది చుట్లు చుట్టవలెను. ఆ రోజులలో అనేకములు మట్టిబాటలు. దుమ్ము మేఘమువలె లేచుచుండెను. చక్రములు త్రవ్విన గోతులలో కార్లు విరిగిపోవుచుండెను. బాట చిన్నది గనుక ముందున్న కారు వెనుకబడినవానిని మరల మరల దాటుచుండును. కొంతసేపటికి ఎవరు ముందో ఎవరు వెనుకో చూచువారికి తెలియదు. అందుచేత ఏ కారు ఎన్ని చుట్లు పూర్తిచేసినదో చేతితో వ్రాసికొనుటకు లెక్కగాండ్రు కూర్చుండెడివారు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; దీనితో ముందు పని కలదు.

1952లో డిక్సీ సర్క్యూట్ అను ఒక చిన్న సంస్థ డాన్విల్ ప్రదర్శన మైదానమున పందెములు నడపుచుండెను. జనము పలుచబడుటచే నిర్వాహకులకు ఒక యుక్తి తోచెను. తెల్లవారితో ఒక నల్లవాడు పోటీపడినచో వింత చూచుటకు జనము రావచ్చును. వేగముగ కారు నడపు నల్లవాడెవడని వారు పోలీసులనే అడిగిరి. పోలీసులు స్కాట్ పేరు చెప్పిరి. ఆ సంవత్సరము మే 23వ తేదీన అతడు మొదటిసారి పందెపు బాటపై కారు నిలిపెను. కొందరు గేలిచేసిరి, కారు మధ్యలో చెడిపోయెను. అయినను తన జీవితము దేనికొరకో అతనికి ఆ దినమున తెలిసిపోయెను.

మరునాడే కారును బాగుచేసి, వేరొక బండికి కట్టి లాగికొని, విన్‌స్టన్ సేలమ్‌లో జరుగు నాస్కార్ పందెమునకు పోయెను. నల్లవానికి ప్రవేశము లేదని అధికారులు త్రిప్పి పంపిరి. కొలది దినములకు హైపాయింట్ అను చోటను అదే జరిగెను. కారును మాత్రము పోటీకి దింపవచ్చుననియు, నడపుటకు ఎవరైన తెల్ల కుర్రవానిని చూచుకొమ్మనియు అచ్చట చెప్పిరి. స్కాట్ అందుల కంగీకరింపక ఇల్లు చేరెను. అతడు మొదటి పందెమాడిన పండ్రెండు దినములకే లించ్‌బర్గ్‌లో ఒక చిన్న పందెమును గెలిచెను. పెద్ద ద్వారము మూసియున్నపుడు చిన్న ద్వారములనుండి పోవుటయే మేలని తలచి, వారమునకు అనేక పర్యాయములు చిన్నబాటలపై పోటీచేయుచు, తెల్లవారైన పందెగాండ్ర మన్నన క్రమముగ సంపాదించెను. తుదకు రిచ్మండ్‌లో ఒక అధికారి అతనికి నాస్కార్ లైసెన్సు నిచ్చెను. 1959లో స్కాట్ వర్జీనియా రాష్ట్రమున తన తరగతిలో ఛాంపియనయ్యెను. 1961 మార్చి 4వ తేదీన స్పార్టన్‌బర్గ్ పట్టణమున ఆ సంస్థవారి అత్యున్నత శ్రేణిలో అడుగిడెను.

ఆ శ్రేణిలోని పేరుపొందిన పందెగాండ్రకు కార్ల కంపెనీల అండ యుండెను. క్రొత్త ఇంజనులు, క్రొత్త టైర్లు, జీతగాండ్రైన మెకానిక్కులు ఉండిరి. స్కాట్‌నకు పాత కారు, ఇతరులు వాడి వదలిన టైర్లు, సహాయమునకు కుమారులు. పందెము మధ్య కారు నాపి, తానే దిగి మరమ్మతు చేసి, మరల ఎక్కి నడపిన సందర్భములు కలవు. దూరప్రయాణములలో నల్లవారికి గది యిచ్చు హోటళ్లు అరుదగుటచే కారులోనే నిదురించుచుండెను. కావలెనని అతని కారును ఢీకొట్టినవారు కొందరు. విడిభాగము లిచ్చి ఆదుకొన్న తెల్లవారును కొందరు. తాను తిరిగి ఢీకొట్టినచో జనసమూహమున అల్లరి చెలరేగునని యెరిగి స్కాట్ కోపమును దిగమ్రింగెను.

1963వ సంవత్సరము అమెరికాలో కల్లోలములతో గడచెను. జూన్ 10వ తేదీన స్కాట్ సొంత పట్టణమైన డాన్విల్‌లోనే సమాన హక్కులు కోరిన నల్లవారిపై పోలీసులు లాఠీలు ఝళిపించి, నీటిగొట్టములు త్రిప్పిరి. నవంబరు 22వ తేదీన అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురియయ్యెను. తొమ్మిది దినములు గడచినవి. డిసెంబరు 1వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రమందలి జాక్సన్‌విల్ పట్టణమున, స్పీడ్‌వే పార్కు అను బాటపై పందెము జరిగెను. అది అరమైలు మట్టిబాట. చుట్లు 200, అనగా నూరు మైళ్లు. విజయవాడనుండి రాజమహేంద్రవరము వరకు గల దూరమును ఒక మైదానము చుట్టునే తిరుగుటవంటిది. స్కాట్ కారు నెడ్ జారెట్ అను పందెగానివద్ద కొన్న 1962వ సంవత్సరపు షెవ్రొలే. దాని సంఖ్య 34.

నాటి బాట గోతులమయము. రిచర్డ్ పెట్టి, బక్ బేకర్ మొదలగు ప్రసిద్ధులు పోటీలో నుండిరి. స్కాట్ తన కారును పదిలముగ కాపాడుకొనుచు, చుట్టువెంట చుట్టుగా ముందునకు జరిగెను. ఇంక 25 చుట్లు మిగిలియుండగా పెట్టిని దాటి మొదటి స్థానము నందుకొనెను. ఆ తరువాత అతనిని దాటినవారు లేరు. 200 చుట్లు ముగిసినవి. విజేతకు ఊపవలసిన నలుపు తెలుపు గళ్ల జెండా అతనికొరకు లేవలేదు. స్కాట్ మరల చుట్టివచ్చెను, అప్పుడును లేవలేదు. ఇంకొక చుట్టు తిరిగెను. ఇంతలో బక్ బేకర్ గెలిచెనని ప్రకటించి, ట్రోఫీ నతని కిచ్చిరి. జనము చప్పట్లు కొట్టెను.

స్కాట్ ఊరుకొనలేదు. లెక్కను మరల చూడుడని కోరెను. కాగితములు తిరుగవేసి చూచుటకు సుమారు రెండు గంటలు పట్టెను. స్కాట్ గెలిచెననియు, బేకరుకంటె రెండు చుట్లు ముందుండెననియు తేలెను. అప్పటికి జనము ఇండ్లకు పోయిరి. బేకరు ట్రోఫీతో వెడలిపోయెను. లెక్కలో పొరపాటు జరిగెనని అధికారులు చెప్పి, విజేత ధనమైన వేయి డాలర్లు స్కాట్‌న కిచ్చిరి.

చేతితో వ్రాయు లెక్క తప్పుట ఆ కాలమున అరుదు కాదు. కాని రెండు చుట్లు ముందున్న కారు, అందును ఆ మైదానమున నల్లవాడు నడపిన ఏకైక కారు, అంతమంది లెక్కగాండ్ర కన్ను గప్పెననుట నమ్మశక్యము గాదు. తెల్లజాతి యువతి యొకతె విజేత చెంత నిలిచి, చెక్కిలి ముద్దిడి, ట్రోఫీ నందించుట అచటి ఆచారము. ఆ దృశ్యమును జనులు సహింపరని అధికారులు వెరచిరని స్కాట్ కడవరకు నమ్మెను.

ధనము వచ్చినది గదా, ట్రోఫీకై యింత వగపేల యని కొందరికి తోచవచ్చును. సంక్రాంతినాడు కృష్ణాతీరపు గ్రామములలో ఎడ్ల బండలాగుడు పందెములు చూచినవారు అట్లడుగరు. గెలిచిన రైతునకు బహుమానమును వారము దినముల తరువాత ఎవరిచేతనో ఇంటికి పంపినచో అతడు సంతసించునా? డప్పులు మ్రోగుచుండగా, ఊరివారెల్లరు చూచుచుండగా, ఎడ్ల మెడలలో దండలు పడినపుడే అది గెలుపు. స్కాట్‌న కందులో మరియొక నష్టమును కలదు. ట్రోఫీ చేతబట్టిన విజేత చిత్రము మరునాడు పత్రికలలో వెలువడును. దానిని చూచి కంపెనీలు సాయమునకు వచ్చును. స్కాట్ చిత్రము అట్లు వెలువడలేదు. పెద్ద కంపెనీ ఏదియు అతని కండగా నిలువలేదు.

కొన్ని వారముల తరువాత అతనికొక ట్రోఫీ చేతికి వచ్చెను. అదియే మొదట చెప్పిన కొయ్యవస్తువు. చౌకరకపు చెక్క, దానిపై పేరు లేదు. కొండపల్లి పనివాడెవడును అట్టిదానిని తన అంగడిలో నుంచుకొనడు.

ఆ పిమ్మట స్కాట్ ఇంకను పది సంవత్సరములు పందెములాడెను. మరల గెలువలేదు. 1966లో సంవత్సరాంతపు పట్టికలో ఆరవ స్థానము పొందెను. తరువాతి మూడేండ్లును మొదటి పదిమందిలో నిలిచెను. మొత్తము 495 పందెములలో 147 పర్యాయములు మొదటి పదిమందిలో నొకడయ్యెను. పాత టైర్లతో, సొంత చేతులతో సాధించిన ఈ సంఖ్య నా దృష్టిలో ఆ యొక్క గెలుపుకంటె తక్కువది కాదు. 1973 మే 6వ తేదీన టాలడీగా అను మహాబాటపై ఇరువదికి పైగా కార్లు ఒకదానినొకటి ఢీకొనెను. అప్పుచేసి కొన్న స్కాట్ కారు నుగ్గయ్యెను. అతని ఎముకలు విరిగెను. కొలది నెలలకు మరియొక పందెమాడి, అతడు విరమించెను. డాన్విల్‌లోని షాపులో మరల స్పానరు పట్టెను. 1977లో అతని జీవితమును బట్టి ఒక చలనచిత్రము వెలువడెను. 1990 డిసెంబరు 23వ తేదీన వెన్నెముక క్యాన్సరుతో స్కాట్ మరణించెను.

2010లో జాక్సన్‌విల్‌లోని పందెగాండ్ర స్మారక సంస్థ యొకటి, నాటి ట్రోఫీకి నమూనాను చేయించి అతని కుటుంబమున కిచ్చెను. 2015 జనవరి 30వ తేదీన నాస్కార్ తన ప్రఖ్యాతుల మందిరమున స్కాట్ పేరు చేర్చెను. ఆ గౌరవము పొందిన మొదటి నల్లజాతివాడతడే. 2021 ఆగస్టు 28వ తేదీన, అతని నూరవ పుట్టినదినమునకు ముందునాడు, డేటోనా పందెపు మైదానమున వేలాది జనుల యెదుట నాస్కార్‌వారు అతని కుటుంబమునకు ట్రోఫీ నిచ్చిరి. జాక్సన్‌విల్ పందెము జరిగి అప్పటికి సుమారు 58 సంవత్సరములు.

అదే సంవత్సరము అక్టోబరు 4వ తేదీన టాలడీగాలో, స్కాట్ ఎముకలు విరిగిన ఆ బాటపైనే, బబ్బా వాలెస్ అను నల్లజాతి యువకుడు అత్యున్నత శ్రేణి పందెమును గెలిచెను. ఆ శ్రేణిలో స్కాట్ తరువాత గెలిచిన నల్లజాతివాడు అతడే. వాన కురిసి పందెము మధ్యలో నిలిచిపోయినను, ట్రోఫీని ఆ దినముననే, ఆ మైదానముననే అతని చేతి కిచ్చిరి.