నాణ్యతకు హద్దులు గీసిన శాస్త్రవేత్త: వాల్టర్ షూహార్ట్

తెలుగులో నాణ్యమునకు, నాణెమునకు చుట్టరికమున్నది. ఉర్దూలో మెయార్ అన్న మాట కొలబద్దకును, నాణ్యతకును కూడ చెల్లుతుంది. వెనుకటి షరాబు నాణెమును మోగించి చూచి, మంచిదో చెడ్డదో తేల్చేవాడు. అయితే చెడ్డ నాణెములను ఏరి పారవేసినంత మాత్రాన వాటిని పోసిన టంకశాల బాగుపడదు గదా! ఈ సత్యమును శాస్త్రముగా తీర్చిదిద్దిన వాల్టర్ షూహార్ట్ జీవితమును మా విద్యార్థులకు పరిచయము చేయవలెనని మా సంకల్పము.

షూహార్ట్ 1891 మార్చి 18న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున న్యూ కాంటన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము నుండి 1917లో భౌతికశాస్త్రమున డాక్టరేటు పొందారు. మరుసటి సంవత్సరము వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరారు. చికాగో సమీపమున హాథార్న్ వద్దనున్న ఆ సంస్థ కర్మాగారములో బెల్ టెలిఫోను వ్యవస్థకు కావలసిన పరికరములు తయారయ్యేవి.

ఆనాడు నాణ్యత అనగా తనిఖీయే. వస్తువు తయారైన పిమ్మట పరీక్షించి, పనికిరానిదానిని పక్కకు నెట్టేవారు. కాని భూమిలో పాతిన టెలిఫోను సామగ్రి చెడిపోయినచో త్రవ్వి బాగుచేయుట ఎంతో ఖర్చుతో కూడిన పని. మరొక చిక్కు కూడ ఉన్నది. కొలత ఏ కొంచెము తప్పినా యంత్రమును అటొకసారి, ఇటొకసారి సవరిస్తూ పోగా, తేడాలు తగ్గుటకు బదులు పెరుగుచుండెను.

1924 మే 16న షూహార్ట్ తన పై అధికారికి ఒక్క పుటకు మించని లేఖను సమర్పించారు. అందులో మూడవ వంతు ఒక చిత్రమే. అదే నియంత్రణ పటము. దాని నడుమ సగటును తెలిపే గీత, పైన నొకటి, క్రింద నొకటి హద్దు గీతలు. తీసిన నమూనాల కొలతలను వరుసగా చుక్కలుగా గుర్తిస్తూ పోవలెను. సగటునకు ఇరువైపుల ప్రామాణిక విచలనమునకు 3 రెట్ల దూరమున హద్దులుంచుట ఆయన పద్ధతి.

దీని వెనుకనున్న భావన మిక్కిలి లోతైనది. ఏ రెండు వస్తువులును అచ్చముగా ఒకే తీరున ఉండవు. ఆ తేడాలకు కారణములు రెండు విధములు. పని జరిగే తీరులోనే ఇమిడియున్న అసంఖ్యాకమైన చిన్న కారణములు యాదృచ్ఛికములు. అరిగిన పనిముట్టు, మారిన ముడిసరుకు వంటివి వెదకి పట్టదగిన కారణములు. చుక్క హద్దు దాటినచో రెండవ రకపు కారణమును వెదకవలెను. హద్దులలో ఏ క్రమమును లేక చెదరియున్నచో పనివానిని నిందించి ప్రయోజనము లేదు. ఆ తేడా తగ్గవలెనన్న పద్ధతినే మార్చవలెను. లేని కారణమును వెదకుట ఒక తప్పు, ఉన్న కారణమును ఉపేక్షించుట మరొక తప్పు. ఈ రెండింటి వలన కలిగే నష్టము తక్కువగా ఉండునట్లు హద్దులు నిర్ణయించుటలోనే షూహార్ట్ ప్రతిభ కానవచ్చును. అంకెలు వ్రాసిన బిళ్ళలను పాత్రలో వేసి, నాలుగేసి చొప్పున నమూనాలు తీసి, తన సిద్ధాంతమును ఓపికగా పరీక్షించుకొన్నారు.

1925 నుండి 1956లో విశ్రాంతి పొందేవరకు ఆయన బెల్ ప్రయోగశాలలలో పనిచేశారు. తయారీ వస్తువుల నాణ్యతను పొదుపుగా నియంత్రించుటను గూర్చి 1931లో మహాగ్రంథము వెలువరించారు. 1939లో వచ్చిన రెండవ గ్రంథమున నిర్దేశము, ఉత్పత్తి, తనిఖీ అనే మూడు మెట్లు సరళరేఖగా గాక చక్రముగా సాగవలెనని చూపారు. ఆ గ్రంథమునకు సంపాదకుడైన ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాను పరిశ్రమల వారికి ఈ విద్యను బోధించారు. యోచించు, ఆచరించు, పరిశీలించు, సవరించు అను నాలుగు మెట్ల చక్రమునకు మూలము షూహార్ట్ భావనయే.

మన దేశమునకును ఆయనతో సంబంధమున్నది. మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ పక్షమున 1947-48లో ఇచ్చటికి వచ్చి, దేశములో పర్యటించి, గణాంక నాణ్యతా నియంత్రణమును మన పారిశ్రామికులకు పరిచయము చేశారు. మన తెలుగువారైన సి. ఆర్. రావు దీర్ఘకాలము సేవచేసినది ఆ సంస్థలోనే. 1967 మార్చి 11న షూహార్ట్ కన్నుమూశారు.

సాహిత్యము బోధించే మాకు కర్మాగారముతో పనియేమని అడుగవచ్చును. పరీక్షలో రెండు మార్కులు తగ్గిన విద్యార్థిని మందలించుట, రెండు పెరిగినవానిని పొగడుట మాకు అలవాటు. ఆ రెండు మార్కుల తేడాకు బహుశా ఏ ప్రత్యేక కారణమును ఉండకపోవచ్చును. తరగతిలో సగము మంది ఏటేటా ఒకే పాఠమున తప్పుచున్నచో, లోపము వారిలో గాక మా బోధనలో ఉన్నదేమో చూచుకొనవలెను. మరి ఎన్నడును తప్పని విద్యార్థి ఒక్కసారిగా వెనుకబడినచో, అది హద్దు దాటిన చుక్క. అతనిని కోపగించుటకు ముందు పిలిచి కష్టమేమని అడుగుట మా ధర్మము. నిందించుటకు ముందు కారణమును వెదకుమని షూహార్ట్ నేర్పిన విద్య, యంత్రములకన్న మనుష్యుల యెడల మరింత అవసరమని మేము విశ్వసిస్తున్నాము.