సముద్రం నీలంగా ఎందుకుంటుంది?



మీ పాప ఈ ప్రశ్న అడిగితే, ఆకాశం నీడ పడి అని చెప్పేస్తున్నారా? ఒకప్పుడు పేరున్న శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. 1888లో తిరుచిరాపల్లిలో పుట్టి, విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ మాత్రం సరిచూడాలనుకున్నారు. 1921లో ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగివస్తూ, చిన్న నికోల్ పట్టకంతో నీటిపై ఆకాశపు ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది! నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చారు. నీరు ఎరుపు కాంతిని పీల్చుకోవడం కూడా పెద్ద కారణమే. కాంతి చెదరడంపై ఆయన సాగించిన పరిశోధనే 1928లో రామన్ ఎఫెక్ట్‌కు, 1930లో నోబెల్‌కు దారితీసింది.

ఈసారి బీచ్‌కు వెళ్తే పోలరాయిడ్ కళ్లద్దాలు తీసుకెళ్లండి. జవాబు మీరు చెప్పకండి, పాపనే చూసి చెప్పనివ్వండి.