శరణార్థులకు దారి చూపిన గ్రూబర్ పాదిరి గారు

హైన్రిఖ్ గ్రూబర్ గారు 1891 జూన్ 24వ తేదీన జర్మనీ దేశమందలి స్టోల్‌బర్గ్ పట్టణములో జన్మించిరి. 1934 నుండి బెర్లిన్ నగర శివారునగల కౌల్స్‌డార్ఫ్ సంఘమునకు పాదిరిగా ఉండి, హిట్లరు ప్రభుత్వము సంఘముపై పెత్తనము చేయుటకు అంగీకరించని ఒప్పుకోలు సంఘము పక్షమున నిలిచిరి.

1935లో వచ్చిన న్యూరెంబర్గ్ చట్టములు మనుష్యుని విశ్వాసమును లెక్కచేయక తాతల పుట్టుకను మాత్రమే చూచినవి. అందువలన బాప్తిస్మము పొందిన యూదు సంతతి క్రైస్తవులు కూడ ఉద్యోగములు, హక్కులు పోగొట్టుకొనిరి. 1939లో కొన్ని ప్రాంతీయ సంఘములే వారిని వెలివేసినవి. ప్రభువు బల్ల యొద్ద తమతో కూర్చుండిన సహోదరులను బయటకు పంపుట క్రైస్తవ లోకమునకు తీరని అవమానము.

ఒప్పుకోలు సంఘము 1938లో ఈ దిక్కులేని వారి భారమును గ్రూబర్ గారికి అప్పగించెను. బెర్లిన్ నడిబొడ్డున వెలసిన ఆ కార్యాలయము గ్రూబర్ కార్యాలయమని పేరొందెను. ఆ యేడు నవంబరులో యూదుల గుడులు, దుకాణములు ధ్వంసమైన పిమ్మట వచ్చువారి సంఖ్య మిక్కిలి పెరిగెను. దేశము విడుచుటకు పన్ను బకాయి లేదను పత్రము, వెళ్లు దేశపు వీసా, అక్కడ పూచీపడు మనిషి, ఓడ టిక్కెట్టు కావలెను. ఒక్కటి ఆలస్యమైన తక్కినవాటి గడువు తీరిపోవును. ఏ దేశము ఎవరిని చేర్చుకొనునో తెలుపుట, దరఖాస్తులు వ్రాసి పెట్టుట, విదేశ సంఘములకు ఉత్తరములు వ్రాయుట ఆ కార్యాలయపు నిత్యకృత్యము. ఇంగ్లాండులో బిషప్ జార్జి బెల్ గారు తోడ్పడిరి. బడులనుండి వెళ్లగొట్టబడిన పిల్లలకు ఒక పాఠశాల కూడ నడిపిరి. సుమారు 1,700 నుండి 2,000 మంది ఈ విధముగా దేశము దాటిరని అంచనా.

ఈ పనికై గ్రూబర్ గారు అడాల్ఫ్ ఐఖ్‌మన్ వంటి అధికారుల ఎదుట నిలువవలసి వచ్చెను. యూదులకొరకు ఇంత పాటుపడుట ఎందుకని అతడు అడుగగా, యెరికో మార్గమున గాయపడి పడియున్న యూదుని, అతనిని ఆదుకొనిన సమరయుని జ్ఞాపకము చేసిరి.

1940 అక్టోబరులో బాడెన్ ప్రాంతపు యూదులను ఫ్రాన్సులోని గుర్స్ శిబిరమునకు తరలించిరి. వారికి సహాయము చేయ యత్నించుచుండగా డిసెంబరు 19న గ్రూబర్ గారు బంధింపబడి, సాక్సెన్‌హాసెన్, డాఖౌ శిబిరములలో బాధలు పడి, 1943లో విడుదలైరి. ఆయన సహాయకుడు వెర్నర్ సిల్టెన్ పాదిరి గారు 1942లో చంపబడిరి. కార్యాలయపు పనివారిలో పలువురు, దారి దొరకని వేలమంది మరణ శిబిరముల పాలైరి.

యుద్ధానంతరము బ్రతికి బయటపడినవారికొరకు గ్రూబర్ గారు ఆ సహాయ కార్యాలయమును మరల తెరచిరి. 1961లో యెరూషలేములో ఐఖ్‌మన్ విచారణయందు సాక్ష్యమిచ్చిరి. 1975 నవంబరు 29న బెర్లిన్‌లో కన్నుమూసిరి.

దరఖాస్తు నింపుట, ఉత్తరము వ్రాయుట, ఒకరికి పూచీపడుట చిన్న పనులుగా మనకు తోచును. తలుపులు ఇంకను తెరచియున్న ఆ రెండేండ్లలో వాటిమీదనే ప్రాణములు నిలిచినవి. పరదేశి మన గుమ్మమున నిలిచినప్పుడు ఆలస్యము చేయక లేచు మనస్సును ప్రభువు మన సంఘములకు దయచేయును గాక.