వానలో అందుకున్న కప్పు

మేము హాస్టల్లో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడతాం. గోల్ఫ్‌ను టీవీలో చూడడమే తప్ప ఆ కర్రను ముట్టుకున్న వాళ్ళం కాదు. డబ్బున్నవాళ్ళ ఆట మనకెందుకులే అనుకునేవాళ్ళం. పాప్వా సెవ్‌గోలమ్ గారి జీవితం తెలిశాక ఆ మాట అనలేకపోతున్నాం.

1860 నుండి మద్రాసు, కలకత్తా రేవుల మీదుగా వేలాదిమంది భారతీయులు దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. అక్కడ స్థిరపడిన భారతీయులలో ఒక పేద కుటుంబంలో, డర్బన్‌లో పాప్వా పుట్టారు. ఆయనకు చదువుకునే అవకాశం దొరకలేదు. చదవడం, రాయడం రాదు. చిన్నతనంలోనే గోల్ఫ్ మైదానంలో తెల్లవారి సంచులు మోసే క్యాడీగా చేరారు. చూసి నేర్చుకోవడమే తప్ప గురువు లేడు. కుడిచేతివాటం ఆటగాళ్ళు కర్రను పట్టుకునేటప్పుడు ఎడమచేతిని పైన, కుడిచేతిని కింద ఉంచుతారు. పాప్వా పట్టు దానికి తలకిందులు. అయినా ఆయన దానిని మార్చుకోలేదు. ఆ పట్టుతోనే గెలిచారు.

గ్రహామ్ వుల్ఫ్ అనే వ్యాపారవేత్త ఆయన ప్రతిభను గుర్తించి 1959లో ఐరోపాకు తీసుకువెళ్ళారు. ఆ ఏడాదే పాప్వా డచ్ ఓపెన్ గెలిచారు. 1960లో, 1964లో మళ్ళీ గెలిచారు.

కానీ స్వదేశంలో వర్ణవివక్ష రాజ్యమేలుతోంది. 1963లో డర్బన్‌లో జరిగిన నటాల్ ఓపెన్‌లో ఆయనను ఆడనిచ్చారు గాని క్లబ్ భవనంలో అడుగుపెట్టనివ్వలేదు. తెల్ల ఆటగాళ్ళందరినీ ఓడించిన ఆ విజేత బయట వానలో నిలబడి కప్పు అందుకున్నారు. ఆ ఫొటో చూసి ప్రపంచం నివ్వెరపోయింది. 1965లో అదే పోటీలో ప్రఖ్యాత ఆటగాడు గ్యారీ ప్లేయర్‌ను కూడా ఓడించారు. ఆ తరువాత ప్రభుత్వం ఆయనను పెద్ద పోటీల నుండి నిషేధించింది. పాస్‌పోర్టు కూడా లాక్కుంది. ఆటే జీవనాధారమైన మనిషికి ఆట లేకుండా పోయింది. 1978లో, యాభై ఏళ్ళు నిండకుండానే, గుండెపోటుతో కన్నుమూశారు. వర్ణవివక్ష పాలన 1994లో అంతమైంది. నేడు డర్బన్‌లో ఒక గోల్ఫ్ మైదానానికి ఆయన పేరు ఉంది.

మిత్రులారా! కష్టపడితే ఫలితం దక్కుతుందని మనం తరచు వింటాం. పాప్వా కష్టపడ్డారు, గెలిచారు. అయినా తలుపు తెరుచుకోలేదు. తలుపు బయట నిలబడడం అంటే ఏమిటో మన తాతలను అడిగితే చెబుతారు. ప్రతిభతో పాటు తలుపు తెరిపించే చట్టం కూడా ఉండాలి. మన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ చట్టాన్ని చదివి, అడిగి అమలు చేయించుకోవడానికి చదువు కావాలి. పాప్వాకు అందని ఆ చదువు ఈరోజు మన చేతిలో ఉంది. దానిని వదులుకోవద్దు.