సూరత్ డాక్టరమ్మ రఖ్మాబాయి

ఆసుపత్రికి వెళ్ళి, లేడీ డాక్టరు ఉన్నారా అని అడిగే ఆడవాళ్ళను మీరు చూసే ఉంటారు. నూరేళ్ళ క్రితం సూరత్‌లో అలా అడిగినవారికి దొరికిన డాక్టరమ్మ రఖ్మాబాయి.

ఆమె 1864లో బొంబాయిలో పుట్టింది. 11వ ఏట దాదాజీ భికాజీతో పెళ్ళయింది. పెద్దయ్యాక కాపురానికి పోనంది. 1884లో భర్త కోర్టుకెక్కాడు. కాపురానికి వెళ్ళాలని, లేకుంటే 6 నెలల జైలు తప్పదని 1887లో తీర్పు వచ్చింది. జైలుకే పోతానందామె! చివరకు 1888లో అతడు 2000 రూపాయలు పుచ్చుకొని రాజీపడ్డాడు.

1889లో ఆమె లండన్ వెళ్ళి స్త్రీల వైద్యకళాశాలలో చేరింది. ఇక్కడొక సంగతి గమనించండి. ఇంగ్లాండులోని శస్త్రవైద్యుల రాయల్ కళాశాల అప్పట్లో స్త్రీలను పరీక్షలకు రానిచ్చేది కాదు. అందుకని స్కాట్లాండు వెళ్ళి, అక్కడి కళాశాలల పరీక్షలు రాసి, వైద్యంలోనూ శస్త్రచికిత్సలోనూ అర్హత సంపాదించింది.

1895లో సూరత్‌లోని స్త్రీల ఆసుపత్రిలో చేరింది. ఆసుపత్రి ఉంది, డాక్టరమ్మ ఉంది, కాన్పుకు వచ్చేవారే లేరు. అక్కడికి పోతే ప్రాణం దక్కదని భయం. చూలు మేకను తెప్పించి, ఆసుపత్రిలోనే ఈనేటట్లు చూసి, ఆ భయం పోగొట్టిందని చెప్పుకొంటారు. 1904లో దాదాజీ చనిపోతే ఆమె తెల్లచీర కట్టింది. మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ఆమెకు తలుపు తీయని ఆ లండన్ కళాశాల 1911లో మొదటిసారి ఒక స్త్రీకి ఫెలో హోదా ఇచ్చింది. అప్పటికి రఖ్మాబాయి సూరత్‌లో 16 ఏళ్ళుగా వైద్యం చేస్తూనే ఉంది.

తరువాత రాజకోటలో పనిచేసింది. 1955లో బొంబాయిలో మరణించింది.