సభాధ్యక్షులు మాడపాటి హనుమంతరావు పంతులుగారు

1921వ సంవత్సరము నవంబరు నెలలో హైదరాబాదు నగరమందలి వివేకవర్ధినీ నాటకశాలలో సంఘసంస్కార మహాసభ జరిగెను. స్త్రీవిద్యకు జీవితమర్పించిన మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములను సభికులు నిశ్శబ్దముగా ఆలకించిరి. అల్లంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడ మొదలిడగానే కొందరు కేకలు వేసి, చప్పట్లు చఱచి, గోలచేసిరి. పీఠమున ఎంతటి పూజ్యులున్నను, సభికులు కట్టుబాటు తప్పినచో ఒక భాషవారికే నోరు లేకుండ పోవునని ఆనాడు తెలుగువారికి తెలిసివచ్చెను. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొందఱు చేరి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. వారిలో మాడపాటి హనుమంతరావు పంతులుగారొకరు.

పంతులుగారు 1885 జనవరి 22న నాటి కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని ఎఱ్ఱుపాలెమున జన్మించిరి. హనుమకొండలో విద్యాశాఖయందు కొలువుచేసి, పిదప రాజధానికి చేరి న్యాయవాదులైరి. ఉర్దూ, పారసీ భాషలు వారికి కరతలామలకములు. సంఘమునకు కార్యదర్శులై వెట్టిచాకిరిని గూర్చియు, వర్తకుల హక్కులను గూర్చియు చిన్న పుస్తకములను తెలుగున అచ్చొత్తించి ఊరూర పంచిపెట్టించిరి. చట్టములో ఉన్న హక్కు ప్రజలకు తెలియకున్న అది లేనిదానితో సమానమని వారి నమ్మకము. గ్రంథాలయములను, పాఠశాలలను నెలకొల్పించుటకును ఆ సంఘమే పూనుకొనెను.

ఆ సంఘము పెరిగి ఆంధ్రమహాసభయైనది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను తొలి మహాసభ, 1935లో మన సిరిసిల్లలో నాలుగవది. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల అన్నియు నాడు కరీంనగరు జిల్లాలోనివే. సిరిసిల్ల సభకు అధ్యక్షులు పంతులుగారు. దానితోపాటు అచటనే జరిగిన ఆంధ్రమహిళాసభకు అధ్యక్షురాలు వారి ధర్మపత్ని మాణిక్యమ్మగారు. ఆలుమగలిరువురు ఒకే యూర రెండు సభలను నడుపుట నేటికిని ముచ్చటగొలుపు సంగతి.

నాడు సభ జరుపుట యనిన సులభముగాదు. గస్తీ నిషాను 53 అను ఉత్తర్వు ననుసరించి ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. పందిటిలో ఒక్కరు హద్దు మీరినను, తోపులాట జరిగినను, మరుసటి సభకు అనుమతి నిరాకరించుటకు అదియే సాకు కాగలదు. కావున అధ్యక్షుని చేతిలో నున్నది ఆనాటి సభ మాత్రమే కాదు, రాబోవు సభలు కూడ. తీర్మానములు మొదట విషయనిర్ణయసభలో చర్చకు వచ్చును. వాదోపవాదములు అచట తీరిన పిదపనే బహిరంగసభకు చేరును. అచట ఒకరు ప్రతిపాదింపవలెను, మరియొకరు బలపరుపవలెను. సవరణ వచ్చినచో ముందుగా సవరణపైనను, ఆ తరువాత మూలతీర్మానముపైనను అభిప్రాయము సేకరింపవలెను. ఈ వరుస తప్పినచో, దేనికి చేయెత్తితిమో సభికులకే తెలియదు. మన గ్రామములలో పెక్కు సంఘములు చెడుట దుర్బుద్ధిచేత కాదు, ఈ వరుస తెలియకపోవుటచేతనే.

పంతులుగారి పద్ధతి యువకులందరికి రుచించినది కాదు. వారు మితవాదులనియు, అర్జీలతో పొద్దుపుచ్చుదురనియు ఆక్షేపణ యుండెను. ఆ ఆక్షేపణ పూర్తిగా నిరాధారమని చెప్పుట కష్టము. వెట్టి క్రింద నలిగిన రైతునకు ఓపిక పట్టుమని చెప్పుట తేలిక గాదు. 1944లో భువనగిరిలో మహాసభ రెండుగా చీలెను. అయినను, పిమ్మట ఆవేశముతో మాటలాడినవారు సైతము మాటలాడ నేర్చినది తొలినాళ్ళలో వేసిన ఆ పందిళ్ళలోనే.

1951లో పంతులుగారు హైదరాబాదు నగరమునకు ప్రథమ మేయరై 1954 వరకు ఆ పదవియందుండిరి. వీధిదీపము, మురుగుకాలువ, కుళాయినీరు — నగరసభలో ప్రతి సభ్యునకు తన పేటయే ముందు. ఎవరి వంతు వచ్చువరకు వారిని ఆగుమనుట అధ్యక్షుని పని.

1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు తొంబదిమంది సభ్యులుగల ఆ సభకు వారే తొలి అధ్యక్షులైరి. అప్పటికి వారి వయస్సు డెబ్బదిమూడు. రాష్ట్రము ఏర్పడి రెండేండ్లయినను నిండలేదు. కృష్ణాతీరమువారు, తెలంగాణమువారు, రాయలసీమవారు ఒకే కప్పు క్రింద కూర్చుండవలెను. సభ్యుడు ఎదుటి సభ్యునితో గాక అధ్యక్షునితోనే మాటలాడవలెను. అధ్యక్షుడు లేచినచో సభ్యుడు కూర్చుండవలెను. నియమభంగము జరిగినదని ఎవరైన పాయింటాఫ్ ఆర్డరు లేవనెత్తినచో చర్చ నాపి, అధ్యక్షుడు తీర్పు చెప్పవలెను. రాజ్యాంగము ప్రకారము అధ్యక్షునకు మొదట ఓటు లేదు; ఇరుపక్షములు సరిసమానమైనప్పుడే ఓటు వేయవలెను. తన అభిప్రాయమును మ్రింగుకొని ఇతరుల అభిప్రాయములను వినుచుండుట ఉద్యమములు నడపిన మనిషికి చిన్న శిక్ష కాదు. ఆరేండ్లు ఆ పీఠమున కూర్చుండి 1964లో దిగిరి.

పంతులుగారు 1970 నవంబరు 11న పరమపదించిరి. 1928లో తెలుగు బాలికలకై వారు హైదరాబాదులో ప్రారంభించిన పాఠశాల నారాయణగూడలో వారి పేరనే వెలసియున్నది.