కల్నల్ హ్యూ ఓల్డ్‌మన్: ఒమాను రక్షణ కార్యదర్శి

మస్కట్టు నగరమునకు పడమట, ఒక వాగు ఒడ్డున, అల్ ఖౌద్ అను ఊరు కలదు. సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయము 1986లో తెరవబడినది అచటనే. అంతకు పదునారేండ్ల ముందు ఒమాను దేశమంతటను మూడు బడులు మాత్రమే యుండెను. తారు బాట పది కిలోమీటర్లకు మించలేదు. ఆ దేశము తిరిగిన మలుపులో చేయి వేసిన వారిలో ఒకరు కల్నల్ హ్యూ ఓల్డ్‌మన్. ఆయన ఆంగ్లేయుడు. మన తాతలు ఒడంబడికపై సముద్రము దాటి చెరకు నరికిరి. ఈయన ఒకసారి తన ప్రభుత్వము పంపగా, మరియొకసారి సుల్తాను కొలువులో జీతమునకు, ఒమాను చేరెను. కూలికిని అధికారికిని గల దూరము మనకు తెలియనిది కాదు.

డర్హమ్ లైట్ ఇన్‌ఫంట్రీ అను పటాలమునకు చెందిన ఓల్డ్‌మన్, 1961లో డేవిడ్ స్మైలీ పిదప సుల్తాను సేనకు అధిపతియై 1964 వరకు పనిచేసెను. ఆ సేనలో అరబ్బులతో పాటు బలూచీలు అనేకులు. వారి సీమలోని గ్వాదర్ రేవు 1958 వరకు ఒమానుదే. ఆ బీదవారును జీతమునకై కడలి దాటిన వారే. సేనానుల పేర్లు గ్రంథముల కెక్కినవి గాని వారి పేర్లు ఎక్కలేదు.

సైన్యము వీడిన పిదప 1970లో ఆయన పాట్ వాటర్‌ఫీల్డ్ స్థానమున రక్షణ వ్యవహారముల కార్యదర్శిగా తిరిగి వచ్చెను. అప్పటికి సుల్తాను సయీద్ బిన్ తైమూర్ పెక్కేండ్లుగా మస్కట్టునకు రాక, సలాలాలోనే యుండెను. చమురు ఎగుమతి 1967లోనే ఆరంభమైనను ఆయన చేయి విప్పలేదు. ధోఫారు కొండలలో అధిక భాగము తిరుగుబాటుదారుల వశమయ్యెను. వానకాలమున ఆ కొండలను పొగమంచు కప్పివేయును.

1970 జూలై 23న సలాలా కోటలో కుమారుడు కాబూస్ పక్షము వారు సయీదును పదవీచ్యుతుని గావించిరి. గాయపడిన ఆ వృద్ధుడు సింహాసనము విడుచుచున్నట్లు వ్రాసియిచ్చి బ్రిటన్ చేరి, 1972లో అచటనే మరణించెను. జరుగబోవునది ఓల్డ్‌మన్‌కు ముందే తెలియునని తరువాత వెలువడిన బ్రిటిషు ప్రభుత్వ పత్రములు తెలుపుచున్నవి. కాబూస్ పినతండ్రి తారిక్ వచ్చి ప్రధాని యగు వరకు తాత్కాలిక మండలికి అధ్యక్షుడు ఈయనయే! జీతగాడు రాజ్యమును నడపిన దినములవి. ప్రజలను అడిగిన వారు లేరు. ఇది మెచ్చదగిన పద్ధతి యని నేననను. అయినను బానిసత్వము రద్దయినది ఆ ఏడే, బడులును వైద్యశాలలును మొదలైనది అప్పటినుండియే యని ఒప్పుకొనక తప్పదు.

తారిక్ ప్రధాని యయ్యెను గాని రక్షణ, ధనము ఆయన చేతికి రాలేదు. బాటలకు ఎంత, తుపాకులకు ఎంత అను తగవులో తుపాకులదే పైచేయి. 1971 చివర తారిక్ తప్పుకొనెను. ఓల్డ్‌మన్ కాలమున సేన పెరిగెను, హెలికాప్టర్లు వచ్చెను. లొంగిన వారికి క్షమాభిక్ష ప్రకటింపబడెను, వారితోనే స్థానిక దళములు ఏర్పడెను. నా దృష్టిలో యుద్ధమును మలుపు త్రిప్పినది ఈ కడపటి పని.

1973లో ఆయన పదవి వీడెను. ధోఫారు యుద్ధము ముగిసినట్లు ప్రకటింపబడినది 1975 డిసెంబరులో. రక్షణ మంత్రిత్వమును సుల్తాను కాబూస్ 2020లో మరణించు వరకు తనయొద్దనే యుంచుకొనెను.